ఊక బూడిదా, కొన్న పొడా: సిలికాన్ ఆనోడ్‌కి మన ల్యాబులో ఏ దారి?

నంద్యాల దగ్గర రైస్ మిల్లున్న ఇంటి పిల్లవాడొకడు పోయినేడు అనంతపురంలో నా దగ్గరికి ప్రాజెక్టు కోసం వచ్చాడు. చేతిలో క్యారీబ్యాగు, అందులో బాయిలర్ కింద తీసిన ఊక బూడిద. "సార్, మా మిల్లు వెనక ఇది గుట్టలు పడి ఉంది. ఇందులో సిలికా ఉంటుందంట కదా, దీంతోనే బ్యాటరీ ఆనోడ్ చేద్దాం" అన్నాడు. ఆ రోజు వాడికి చెప్పినదాన్నే కాస్త సర్ది రాస్తున్నా. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఎమ్మెస్సీ, ఎంటెక్, పీహెచ్‌డీ చేస్తూ "సిలికాన్ మీద చేద్దామనుకుంటున్నా, ఏ మెటీరియల్ తీసుకోమంటారు" అని అడిగేవాళ్ళు ఏటా నలుగురైదుగురు తగులుతారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది.

ముందు గొడవేమిటో చూద్దాం. మన ఫోన్లలో, స్కూటర్లలో ఉన్న లిథియం అయాన్ బ్యాటరీల ఆనోడ్ (ఛార్జి చేసేటప్పుడు లిథియం వచ్చి చేరే ధ్రువం) ఎక్కువగా గ్రాఫైటే. ఆరు కార్బన్లకు ఒక్క లిథియం పట్టుకుంటుంది కాబట్టి గ్రాముకు 372 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, ఎంత ఛార్జి పట్టిందో చెప్పే కొలత) దాని హద్దు. సిలికాన్‌లో నాలుగు పరమాణువులకు పదిహేను లిథియంలు చేరతాయి. గ్రాముకు దాదాపు 3,579 ఎంఏహెచ్, అంటే తొమ్మిదిన్నర రెట్లు. అంత మింగితే పొట్ట ఉబ్బకుండా ఉంటుందా? గ్రాఫైట్ పదో వంతు ఉబ్బి ఊరుకుంటుంది, సిలికాన్ దాదాపు నాలుగింతలవుతుంది.

కోయిలకుంట్ల వైపు నల్లరేగడి ఎరిగినవాళ్ళకి మిగతా కథ నేను చెప్పక్కర్లేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు కాలు ఇరుక్కునేంత నెర్రెలిస్తుంది. సిలికాన్‌కి ఛార్జింగ్ వానాకాలం, డిశ్చార్జి ఎండాకాలం. రోజుకొక ఏడాది గడుస్తుందన్నమాట. పైగా నెర్రె విచ్చిన చోటల్లా కొత్త సిలికాన్ బయటపడుతుంది, దానికి ఎలక్ట్రోలైట్ (సెల్‌లో లిథియం అటూ ఇటూ ఈదే ద్రవం) తగిలి ఎస్‌ఈఐ అనే పొర కడుతుంది, ఆ పొర కట్టడానికి లిథియం ఖర్చవుతుంది. సెల్‌లో ఉన్న లిథియం అంతా అవతలి ధ్రువం, అంటే కాథోడ్ నుంచి వచ్చిందే, మళ్ళీ పోసేవాడెవడూ లేడు. కుండలో నీళ్ళు ఎన్నున్నాయో అన్నే. ప్రతి నెర్రె కాస్త తాగిపోతుంటుంది.

అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్ళతో గ్రాముకు ఎన్ని ఎంఏహెచ్ అన్న మాట పక్కన పెట్టమంటాను. ఏ దారిలో లిథియం తక్కువ కారిపోతుంది, ఆ దారి మీ ల్యాబు తట్టుకోగలదా? ఈ రెండే చూడమంటాను.

మూడువేలు దేనికి?

ఒక చిన్న లెక్క వేద్దాం. కాథోడ్ గ్రాముకు 200 ఎంఏహెచ్ ఇస్తుందనుకోండి, ఇవాళ్టి మంచి నికెల్ కాథోడ్లు ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి. ఆనోడ్, కాథోడ్ పొడుల బరువు మాత్రమే కలిపి లెక్కేస్తే, 360 ఇచ్చే గ్రాఫైట్‌తో గ్రాముకు సుమారు 129 ఎంఏహెచ్ వస్తుంది. ఆనోడ్‌ని 1,000కి తీసుకెళ్తే 167 అవుతుంది. అంటే దాదాపు 30 శాతం లాభం. ఇంకా కష్టపడి 1,000 నుంచి 3,000కి లాగితే? 187 దగ్గర ఆగిపోతుంది. మూడింతల కష్టానికి ఇంకో 12 శాతం. కాథోడ్ బరువు అలాగే కూర్చుని ఉంటుంది మరి, దాన్నెవరూ తగ్గించలేదు.

కాబట్టి 3,000 ఎంఏహెచ్ ఇచ్చి వంద సైకిళ్ళకు (ఒక ఛార్జి, ఒక డిశ్చార్జి కలిపి ఒక సైకిల్) చతికిలబడే పదార్థం కన్నా, 600 ఇచ్చి అయిదొందల సైకిళ్ళు నిలిచేది నాకు ముద్దు. థీసిస్‌లో మొదటి బొమ్మ కాస్త చప్పగా కనిపిస్తుంది, అంతే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. కర్నూలు సోలార్ పార్కులాంటి వెయ్యి మెగావాట్ల చోట కరెంటు నిల్వ చేయాలన్నది మీ ఉద్దేశమైతే సిలికాన్ జోలికే పోకండి. నేల మీద కదలకుండా కూర్చునే బ్యాటరీకి బరువుతో పనిలేదు; గ్రాఫైట్ ఆనోడ్, ఐరన్ ఫాస్ఫేట్ కాథోడ్ జోడీ చాలు. పిన్నాపురం పంప్డ్ స్టోరేజీలో అయితే నీళ్ళను కొండెక్కించి దించుతారు, ఆనోడ్ ఊసే లేదు. సిలికాన్ అవసరం బరువు, చోటు కలిసిరావాల్సిన చోట: ఫోన్లు, కార్లు, డ్రోన్లు. వన్‌ప్లస్ 13 ఫోన్‌లో 6,000 ఎంఏహెచ్ పట్టిందంటే ఈ సిలికాన్-కార్బన్ ఆనోడ్ చలవే.

ఊక దారి: అందరికీ నచ్చేది, నాకు భయం పుట్టించేది

ఊకలో బూడిద ఉజ్జాయింపుగా అయిదో వంతు, ఆ బూడిదలో పది పాళ్ళకు తొమ్మిది సిలికా. ఆ సిలికా నుంచి ఆక్సిజన్‌ని లాగేయడానికి మెగ్నీషియం పొడి కలిపి, ఆర్గాన్‌లో 650 డిగ్రీల దగ్గర వేడి చేస్తారు. సిలికాన్, మెగ్నీషియం ఆక్సైడ్ వస్తాయి. యాసిడ్‌తో మెగ్నీషియం ఆక్సైడ్‌ని కడిగేస్తే మిగిలేది సిలికాన్. 2007లో డయాటమ్ గుల్లల సిలికాను, వాటి ఆకారం చెడకుండా ఇలాగే సిలికాన్‌గా మార్చి చూపించారు. ఊక మీద పేపర్లు 2013 ప్రాంతంలో వచ్చాయి. చెప్పడానికి ఇంత సులువు.

ఇప్పుడు తూకం వేద్దాం. కిలో ఊకకు సుమారు 170 గ్రాముల సిలికా అనుకుందాం. దాన్నుంచి లెక్క ప్రకారం రాగలిగే సిలికాన్ 80 గ్రాముల లోపే, చేతికి వచ్చేది ఇంకా తక్కువ. ఆ 170 గ్రాముల సిలికాకు మెగ్నీషియం 138 గ్రాములు కావాలి. ఊక ఊరికే దొరికింది, మెగ్నీషియం ఊరికే రాదు! కడగడానికి ఒక్కో గ్రాము సిలికాన్‌కు దాదాపు 15 గ్రాముల గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోయాలి. ఈ లెక్క నేను చెప్పినప్పుడు మిల్లు పిల్లవాడు ఫోన్ తీసి తనే ఇంకోసారి వేసుకున్నాడు. తప్పు దొరకలేదు, క్యారీబ్యాగు మెల్లగా బల్ల కిందికి జరిపాడు.

బాయిలర్ బూడిదతో ఇంకో తంటా ఉంది. ఊకలో పొటాషియం ఉంటుంది, అది సిలికాను తొందరగా మెత్తబరుస్తుంది. బాయిలర్‌లో వేడి అదుపులో ఉండదు కాబట్టి సిలికా కరిగి, మధ్యలో కార్బన్‌ని బిగించేసుకుని, కొంత స్ఫటికంగా మారిపోతుంది. నలుపు, బూడిద రంగు కలిసిన గరుకు పొడి వచ్చిందంటే అదే కారణం. పచ్చి ఊకనే తెచ్చి, ముందు పలచని యాసిడ్‌లో ఉడికించి పొటాషియం వదిలించి, కడిగి ఎండబెట్టి, 600-700 డిగ్రీల దగ్గర నిదానంగా కాల్చండి. తెల్లటి, వేళ్ళ మధ్య జారిపోయే పొడి వస్తుంది. అదే పనికొచ్చే సిలికా.

ఆ తరవాత ఫర్నేసులో. మెగ్నీషియం చర్య మొదలయ్యాక తన వేడితో తనే పరిగెడుతుంది. బయట మీటరు 650 చూపిస్తున్నా లోపల ఎక్కడో వెయ్యి దాటిపోవచ్చు, అంత వేడికి నానో రూపమంతా గడ్డకడుతుంది. అందుకే పొడిలో మామూలు ఉప్పు ఎక్కువగా కలుపుతారు. ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతూ ఆ వేడిని మింగేస్తుంది, చివర్లో నీళ్ళతో కడిగితే పోతుంది. వంటింటి ఉప్పు చేసే ఈ ఉపకారం నాకు భలే ఇష్టం.

ఉప్పు వేయడం ఎంత ముఖ్యమో మెగ్నీషియం ఎక్కువ వేయకపోవడం అంతకన్నా ముఖ్యం. మిగిలిన మెగ్నీషియం సిలికాన్‌తో కలిసి మెగ్నీషియం సిలిసైడ్ అవుతుంది. దాని మీద యాసిడ్ పడితే సిలికాన్, హైడ్రోజన్ కలిసిన సైలేన్ గ్యాస్ పుడుతుంది, సైలేన్ గాలి తగిలితే తనంతట తనే మండుతుంది. నేను చదువుకునే రోజుల్లో బీకరులో ఉన్న పొడి మీద యాసిడ్ ఒక్కసారిగా వంపేశాను. నురగ పైకి లేచింది. బుడగ పగిలిన చోటల్లా టప్ టప్ మని చిన్న మంట, తెల్లటి పొగ చుక్క. దీపావళికి టపాకాయలు కాల్చినట్టుంది. ఫ్యూమ్ హుడ్ (పొగనీ గ్యాసునీ బయటికి లాగేసే గూడు) లోపలే జరిగింది కాబట్టి నవ్వుకుంటూ చెబుతున్నా. పొడిని యాసిడ్‌లోకి చిటికెడు చిటికెడు వేయాలి గానీ యాసిడ్‌ని పొడి మీదికి వంపకూడదు. బీకరు చుట్టూ ఐస్ ఉండాలి, హుడ్ నడుస్తుండాలి.

అసలు భయం ఆఖర్లో ఉంది. చర్య జరగని సిలికాను తీసేయడానికి చాలా పేపర్లలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడతారు. అది చర్మం మీద పడితే పైకి పెద్దగా మంట తెలియకముందే లోపలికి దిగి ఎముక దాకా పోతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేని ల్యాబులో ఆ సీసా మూత తీయకూడదు. ఇంకో మాట, ఇది మన జిల్లాల మాట. తాగే బోరు నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు గారపట్టి, కాళ్ళు వంకరపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్ళం. ఆ మురుగును సున్నంతో కాల్షియం ఫ్లోరైడ్‌గా గడ్డకట్టించకుండా సింకులో పారబోసే చేతులు మనవి కాకూడదు.

పలుగురాళ్ళ మాట కూడా అడుగుతారు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వెతుకుతుంటారు కదా, మెరిసి మోసం చేసే ఆ తెల్లరాయి శుద్ధమైన సిలికాయే. కానీ అది గట్టి స్ఫటికం. బొగ్గుతో కలిపి ఆర్క్ ఫర్నేసులో రెండువేల డిగ్రీల దరిదాపుల్లో కరిగిస్తే గానీ సిలికాన్ రాదు. కిలోకు పది యూనిట్ల పైనే కరెంటు తాగుతుంది. అది ఫ్యాక్టరీల పని, ల్యాబు పని కాదు.

కొని తెచ్చి మరపట్టడం

ఆ ఫ్యాక్టరీల్లో తయారైన సిలికాన్‌ని మైక్రాన్ పొడిగా కొని, బాల్ మిల్లులో సన్నగా రుబ్బుకోవడం రెండో దారి. చౌక. ఎంత సన్నగా అంటే 150 నానోమీటర్ల లోపు. స్ఫటిక సిలికాన్ రేణువు ఆ సైజు దాటితే లిథియం ఎక్కేటప్పుడు పగులుతుందని, లోపుంటే పగలకుండా ఉబ్బుతుందని 2012లో మైక్రోస్కోపు కింద పెట్టి చూపించారు. అంతకు ముందు, 2008లో, నానో తీగలతో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన హడావుడి వెనకున్నదీ ఇదే సూత్రం.

అలాగని సన్నగా రుబ్బేకొద్దీ మంచిదనుకోకండి. రేణువు చిన్నదయ్యేకొద్దీ పైతలం పెరుగుతుంది, దాని మీద ఎస్‌ఈఐ పెరుగుతుంది, మొదటి ఛార్జిలోనే లిథియం ఎక్కువ పోతుంది. స్టీలు బంతులైతే ఇనుము కూడా కలుస్తుంది, జిర్కోనియా బంతులు తెచ్చుకోండి. రుబ్బడం అయ్యాక జార్‌ని ఆర్గాన్ నింపిన గ్లోవ్ బాక్స్‌లోనే తెరవండి, కొత్తగా పగిలిన సిలికాన్‌కి గాలి పడదు. ఆ తరవాత గ్రాఫైట్‌తో కలిపి, పిచ్‌తో (తారు లాంటిది) గానీ చక్కెరతో గానీ కార్బన్ పూత వేసి కాల్చడం. చేతిపని ఎక్కువే అయినా ప్రమాదం తక్కువ. ఒక ట్యూబ్ ఫర్నేసు, ఒక ఆర్గాన్ సిలిండర్, ఒక మిల్లు ఉన్న ఏ ల్యాబైనా చేయగలదు.

సిలికాన్ మోనాక్సైడ్: చప్పటిదే, కానీ నిలిచేది

సిలికాన్‌నీ, సిలికానీ కలిపి శూన్యంలో వేడి చేసి, లేచిన ఆవిరిని చల్లార్చి చేసే పొడి ఇది. బజారులో దొరుకుతుంది. గ్రాముకు 1,500 ఎంఏహెచ్ పైచిలుకు. మొదటి ఛార్జిలో ఇందులోని ఆక్సిజన్‌తో లిథియం కలిసి లిథియం ఆక్సైడ్, లిథియం సిలికేట్లు అవుతాయి. మిగిలిన సన్నటి సిలికాన్ తునకలకి అవే చుట్టూ దిండులా ఉంటాయి. రేగడి నేలలో ఇల్లు కట్టేవాళ్ళు పునాది కింద ఇసుక పోస్తారే, అలాగన్నమాట. ఉబ్బు బాగా తగ్గుతుంది.

ఆ దిండు ఖరీదు లిథియం. మొదటి ఛార్జిలో ఎక్కిన వంద పాళ్ళలో డెబ్బయి, డెబ్బయి అయిదే తిరిగొస్తాయి. గ్రాఫైట్‌లో తొంభై దాటి వస్తాయి. అందుకే కంపెనీలు దీన్ని ఒంటిగా వాడవు, గ్రాఫైట్‌లో కొద్ది శాతం కలుపుతాయి. పదిశాతం కలిపినా ఆనోడ్ 360 నుంచి దాదాపు 470కి లేస్తుంది. పైన వేసిన లెక్కలో పెడితే సెల్‌కు 9 శాతం లాభం. వినడానికి చిన్న సంఖ్య. అయితే మొదటిసారి ఈ రంగంలోకి వచ్చేవాడికి నేను చెప్పేది దీన్నే. పొడి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి మీ బైండరు (పొడిని పట్టి ఉంచే జిగురు) మంచిదా, ఎలక్ట్రోలైట్ మంచిదా అన్నది తేలుతుంది. ఊక సిలికాన్ ప్రతి బ్యాచీకీ మారిపోతుంటే తప్పు పొడిదో, మీదో ఎవరికి తెలుసు?

సైలేన్ దారి

రంధ్రాల కార్బన్‌లోకి సైలేన్ గ్యాస్ పంపి, నాలుగైదు వందల డిగ్రీల దగ్గర ఆ రంధ్రాల్లోనే సిలికాన్‌ని పేర్చడం. అమెరికాలో గ్రూప్14, సిలా లాంటి సంస్థలు ఈ సిలికాన్-కార్బన్ బాటలోనే పెద్దవయ్యాయి. ఉబ్బడానికి చోటు రంధ్రంలోనే ఉంటుంది, ఎలక్ట్రోలైట్ లోపలికి చొరబడదు. ఇప్పుడున్న వాటిలో అన్నిటికన్నా మెరుగైనది ఇదే అని నా అభిప్రాయం. కానీ గ్యాస్ క్యాబినెట్, లీకు డిటెక్టర్లు, స్క్రబ్బరు లేని చోట సైలేన్ సిలిండర్ దించడమంటే ఇంట్లో పామును పెట్టుకుని పడుకోవడమే. మన విశ్వవిద్యాలయాల్లో దీనికి దండం పెట్టి పక్కకు జరగడం మంచిది.

అయితే ఇందులో సగం పని మనం చేయొచ్చు. ఆ రంధ్రాల కార్బన్. అనంతపురంలో వేరుశనగ పొట్టుకు కొదవా? దాన్ని బొగ్గు చేసి, ఆవిరితో గానీ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో గానీ యాక్టివేట్ చేసి, రెండు మూడు నానోమీటర్ల లోపు రంధ్రాలు తెప్పించడం పూర్తి స్థాయి పరిశోధనే. సైలేన్ సౌకర్యం ఉన్న ల్యాబుతో చేతులు కలిపి ఆ కార్బన్ పంపొచ్చు. స్థానిక ముడిసరుకుతోనే చేయాలన్న పట్టుదల ఉంటే, ఊక కన్నా వేరుశనగ పొట్టు వైపే నా ఓటు.

బైండరు దగ్గరే సగం ప్రాజెక్టులు మునుగుతాయి

పొడి గురించి ఏడాది కొట్టుకుని బైండరు దగ్గర పాత అలవాటుగా పీవీడీఎఫ్ వేస్తారు. గ్రాఫైట్‌కి సరిపోయే ఆ ప్లాస్టిక్కు సిలికాన్‌ని పట్టుకోలేదు, నాలుగింతలు ఉబ్బి తగ్గే రేణువు దాని చేతిలోంచి జారిపోతుంది. దానికి తోడు అది కరగడానికి ఎన్‌ఎంపీ అనే ద్రావకం కావాలి, ఖరీదూ ఎక్కువే, ఒంటికీ మంచిది కాదు. సిలికాన్‌కి సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) గానీ పాలీఅక్రిలిక్ యాసిడ్ గానీ వాడండి. రెండూ నీళ్ళలోనే కరుగుతాయి, సిలికాన్ పైతలాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటాయి. గోరుచిక్కుడు, అదే మన మటిక్కాయల గింజల్లోని గ్వార్ గమ్‌ని కూడా బైండరుగా పరీక్షించి మంచి ఫలితాలు ప్రకటించారు. మన చేలల్లో పండేదే కదా, ప్రయత్నించి చూడదగ్గది.

పొడి, బైండరు నీళ్ళతో కలిపిన ముద్దలో, అదే స్లరీలో ఒక చిక్కు. నానో సిలికాన్ నీళ్ళతో మెల్లగా కలిసి హైడ్రోజన్ వదులుతుంది, క్షారం వైపు మొగ్గితే ఇంకా ఎక్కువ. శనివారం సాయంత్రం కలిపి మూత బిగించి ఇంటికి పోయిన మా వాళ్ళు, సోమవారం తెరిచేసరికి మూత ఎగిరి పక్కన పడి ఉంది, స్లరీ అట్లపిండిలా పొంగి బల్ల మీద గడ్డకట్టింది. సిట్రిక్ యాసిడ్ బఫర్‌తో పీహెచ్ 3 దగ్గర ఉంచితే గ్యాసు తగ్గుతుంది, సీఎంసీ పట్టు కూడా పెరుగుతుంది. కలిపిన రోజే కాపర్ ఫాయిల్ మీద పూసేయండి.

ఎలక్ట్రోలైట్‌లో ఎఫ్‌ఈసీ (ఫ్లోరోఎథిలీన్ కార్బొనేట్) అయిదు నుంచి పది శాతం లేకుండా సిలికాన్ సెల్ కట్టొద్దు. ఎస్‌ఈఐ గట్టిపడేది దానివల్లే. అది సైకిల్ సైకిల్‌కీ ఖర్చయిపోయే సరుకు, అయిపోయిన రోజు గ్రాఫు ధబాలున కింద పడుతుంది.

పోల్చేటప్పుడు ఏ సంఖ్య చూడాలి

ఏ పేపరు తెరిచినా హాఫ్ సెల్ ఫలితాలే. అవతల కాథోడ్ బదులు లిథియం లోహపు బిళ్ళ ఉంటుంది. పావు మిల్లీమీటరు మందం బిళ్ళలో చదరపు సెంటీమీటరుకు సుమారు 50 ఎంఏహెచ్ లిథియం ఉంటుంది, మీ ఎలక్ట్రోడ్‌కి కావలసింది రెండో మూడో. ఎంత కారిపోయినా అవతలి నుంచి వస్తూనే ఉంటుంది. సత్రంలో భోంచేస్తూ ఇంటి ఖర్చు లెక్కేసినట్టు! రెండు దారులను పోల్చాలంటే రెంటినీ ఫుల్ సెల్‌లో, ఒకే కాథోడ్‌తో, చదరపు సెంటీమీటరుకు కనీసం రెండు ఎంఏహెచ్ పూతతో కట్టండి.

కూలంబిక్ ఎఫిషియెన్సీ (ఎక్కిన ఛార్జిలో తిరిగొచ్చే వంతు) దశాంశాలతో సహా రాసుకోండి. సైకిల్‌కి 99.5 శాతం అంటే చాలా బాగుందనిపిస్తుంది, కానీ ఫుల్ సెల్‌లో వంద సైకిళ్ళకు మిగిలేది 61 శాతం. అదే 99.9 అయితే 90 మిగులుతుంది. అయిదొందల సైకిళ్ళకు 80 శాతం నిలవాలంటే సగటున 99.955 కావాలి. ఇంత సన్నటి తేడా మన మే నెల ల్యాబులో తేలుతుందా? పగలు 42 డిగ్రీలు, తెల్లవారుజామున 28. గ్రాఫు ఎండతో పాటు ఊగుతుంటే అది మెటీరియల్ గుణమనుకుని చర్చ రాసినవాళ్ళు నాకు తెలుసు. సెల్స్‌ని టెంపరేచర్ ఛాంబర్‌లో పెట్టండి, అది లేకపోతే ఏసీ గదిలో మూతబెట్టిన థర్మకోల్ డబ్బాలో పెట్టినా నయం. సెల్స్‌ని ఛార్జి, డిశ్చార్జి చేసే సైక్లర్‌కి యూపీఎస్ లేకుండా అయిదొందల సైకిళ్ళ పరీక్ష మొదలుపెట్టొద్దు, మూడొందల దగ్గర కరెంటు పోతే ఆ బాధ చెప్పుకోలేం.

ఇక ఎవరికి ఏది? ఆరు నెలల ఎమ్మెస్సీ ప్రాజెక్టయితే మోనాక్సైడ్, గ్రాఫైట్ కలిపి బైండర్లను పోల్చండి. రెండేళ్ళ ఎంటెక్, చేతిలో బాల్ మిల్లు ఉంటే కొన్న సిలికాన్, కార్బన్ పూత. నాలుగైదేళ్ళ పీహెచ్‌డీ, పక్కన ఒప్పుకునే భాగస్వామి ల్యాబు ఉంటే వేరుశనగ పొట్టు కార్బన్. ఊక దారి కెమిస్ట్రీ మీద మనసున్నవాళ్ళకే, అదీ హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ తప్పించే పద్ధతి వెతుకుతామంటేనే. కార్బన్ పూత కాస్త మిగిలిన సిలికాను కప్పేస్తే దాన్ని తీయకుండానే బండి లాగించొచ్చా అన్నది మంచి ప్రశ్న.

ఏది ఎంచుకున్నా మొదటి నెల సిలికాన్ డబ్బా మూత తీయకండి. వట్టి గ్రాఫైట్‌తో పది కాయిన్ సెల్స్ కట్టండి. పదింటిలో ఎనిమిదైనా గ్రాముకు 340 పైన ఇచ్చి, యాభై సైకిళ్ళకు ఒకే గీత మీద నడిస్తేనే ముందుకు. మిల్లు పిల్లవాడికి మొదటి పదిలో మూడే నడిచాయి. సెల్ మూత నొక్కి బిగించే క్రింపింగ్ మెషిన్ ఒత్తిడి తప్పని తేలడానికి మూడు వారాలు పట్టింది. వాడి క్యారీబ్యాగు ఇంకా నా బల్ల కిందే ఉంది, మొన్న ఊడ్చేవాళ్ళు పారేయబోతే ఆపాను.